రెండు దేశాల మధ్య ఒకే ఎకరం

 ఇవాళ మనం తలచుకుంటున్న మా సీనియర్ న్యాయవాది పేరు ఆహ్వానపత్రంలో పూర్తిగా వేశారు. నా నోటికి మాత్రం ‘సీనియర్ గారు’ అనే మాటే వస్తుంది. ఈ ప్రసంగంలోనూ అలాగే అంటాను.

ఆయన జీవితమంతా భాగపంపిణీ దావాలు, పొలం గట్ల తగాదాలు, వీలునామాల వివాదాల మధ్యే గడిచింది. క్లయింటు వచ్చి కూర్చోగానే దస్తావేజులు అడిగేవారు కాదు. ముందు వంశవృక్షం గీయించేవారు. ఎవరు ముందు పోయారు, ఏ సంవత్సరంలో పోయారు, ఆడపిల్లలకు పెళ్లిళ్లు ఎప్పుడయ్యాయి అన్నవి అందులో ఉండాల్సిందే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ ఇచ్చింది. కాబట్టి పెళ్లి తేదీ, చావు తేదీ కేసును నిలబెట్టేవి, పడగొట్టేవి. ఆయన చివరి సంవత్సరాల్లో ఆ వంశవృక్షాల్లో తేదీల పక్కన ఊళ్ల పేర్లు కూడా చేరాయి. డల్లాస్, ఎడిసన్, షార్జా, మెల్‌బోర్న్. ఆ ఊళ్లు చేరాక కేసు ఎలా మారిపోతుందన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

మనిషి ఒకచోట చనిపోతాడు. ఆస్తి ఇంకోచోట ఉంటుంది. వారసుడు మూడోచోట ఉంటాడు. ప్రతి దేశమూ తన చట్టంతోనే ఆ ఆస్తిని చూస్తుంది. ఒకే ఎకరానికి రెండు దేశాలు రెండు కొనుగోలు ధరలు కడతాయి. నామినీగా రాసిన ఒకే పేరుకు రెండు హక్కులు ఇస్తాయి. ఒకే తల్లికి ఒకచోట సగం వాటా, మరోచోట సున్నా. మన కుటుంబాలు పన్ను కట్టి పోగొట్టుకునేదాని కంటే, ఈ సంగతి తెలియక పోగొట్టుకునేది ఎక్కువని నా వృత్తి అనుభవం నాకు చెప్పింది.

ముందు వారసత్వమే చూద్దాం. పన్ను సంగతి దాని వెనకే వస్తుంది.

టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్న పెళ్లికాని అబ్బాయి వీలునామా రాయకుండా చనిపోయాడనుకోండి. అమ్మానాన్నలిద్దరూ ఇక్కడ ఉన్నారు. అబ్బాయి పేరున తెనాలి దగ్గర కొంత పొలం, ఫ్రిస్కోలో ఒక ఇల్లు ఉన్నాయి. స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే దానికి వర్తిస్తుంది. ఈ సూత్రంలో రెండు దేశాలదీ ఒకే మాట. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతి. తల్లి బతికుండగా తండ్రికి ఏమీ రాదు. కాబట్టి పొలం మొత్తం తల్లిది. టెక్సస్ చట్టమేమో భార్యాబిడ్డలు లేనివాడి ఆస్తిని తల్లికి సగం, తండ్రికి సగం ఇస్తుంది. ఇద్దరిలో ఒకరే బతికుంటే సగం వారికి, మిగతా సగం తోబుట్టువులకు. ఇక్కడ తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాన్ని అక్కడి కోర్టు చుట్టరికానికి సాక్ష్యంగా చూస్తుంది. వాటాలు దాన్ని బట్టి తేల్చదు.

అదే అబ్బాయికి పెళ్లయి, పిల్లలు లేరనుకోండి. ఇక్కడి పొలంలో భార్యకు సగం, తల్లికి సగం. టెక్సస్‌లో పెళ్లయ్యాక సంపాదనతో కొన్న ఇల్లు దంపతుల ఉమ్మడి ఆస్తి కిందికి వస్తుంది కాబట్టి మొత్తం భార్యదే. ఇక్కడే రెండు కుటుంబాలు విడిపోతాయి. కోడలు ఇల్లంతా కాజేసిందని అత్తగారి ఊళ్లో అనుకుంటారు. తన భర్త పొలంలో అత్తగారు సగం పట్టుకున్నారని అమ్మాయి పుట్టింటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఎవరూ ఎవరిదీ లాక్కోలేదు. రెండు చట్టాలూ వాటి పని అవి చేశాయి. ఈ మాట మొదటి వారంలోనే రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి చెప్పే ప్లీడరు ఉంటే సగం దావాలు పుట్టవు. సీనియర్ గారు ఉండి ఉంటే ఆ పని చేసేవారు.

ఆ అమ్మాయి పరిస్థితి గురించి ఒక మాట. భర్త హెచ్-1బి మీద ఉంటే భార్య వీసా ఆయన వీసా మీద ఆధారపడి ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలాతేలో మన తెలుగు ఇంజినీరు హత్యకు గురైనప్పుడు, ఆయన భార్యకు ఆ దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమైంది. దుఃఖంలో ఉన్న మనిషి ఒకేసారి అంత్యక్రియలు, వీసా, ఇంటి లోను, బ్యాంకు ఖాతాలు చూసుకోవాలి. అందుకని ఆస్తి కాగితాలు ఆమెకు ముందే తెలిసి ఉండటం చిన్న విషయం కాదు.

కూతుళ్ల సంగతికి వస్తే, మన చట్టంలోనే ఒక అన్యాయం ఇంకా కూర్చుని ఉంది. అది అన్యాయమని ఈ వేదిక మీద స్పష్టంగా అంటున్నాను. వీలునామా లేకుండా చనిపోయిన హిందూ స్త్రీకి భర్త గానీ పిల్లలు గానీ లేకపోతే, ఆమె స్వార్జితం ఆమె కన్నవాళ్ల కంటే ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి మాత్రమే తండ్రి వారసులకు తిరిగి చేరుతుంది. 2009లో ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని అక్షరాలా అమలు చేసింది. ఆ కేసులోని మహిళ పెళ్లయిన కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకుంది. ఆమెను చదివించి నిలబెట్టింది పుట్టింటివాళ్లే. ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఆమె సొమ్ము చివరికి భర్త తరఫు బంధువులకు పోయింది. ఇప్పుడు న్యూజెర్సీలో ఇరవయ్యేళ్లు ఉద్యోగం చేసి, తల్లి కోసం కూకట్‌పల్లిలో ఫ్లాటు కొన్న ఒంటరి ఆడబిడ్డను తలచుకోండి. పిల్లలు లేరు, భర్త పోయాడు. ఆమె పేపరు ముక్క మీద కూడా ఏమీ రాయకపోతే ఆ ఫ్లాటులో తల్లి కంటే ముందు వరస భర్త అన్నదమ్ములది. మన దగ్గరికి వచ్చే ప్రతి ఆడబిడ్డకూ, ఏ పని మీద వచ్చినా సరే, వీలునామా రాశావా అమ్మా అని అడగండి.

వీలునామా దగ్గర రెండు సంగతులు ఎప్పుడూ జారిపోతుంటాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. అమెరికాలోని ఇల్లు ప్రొబేట్ ద్వారానో, మరో చట్టబద్ధమైన మార్గంలోనో వారసుల పేరుకు మారాలి. టెక్సస్‌లో మామూలుగా మరణించిన నాలుగేళ్లలోపు వీలునామాను ప్రొబేట్‌కు పెట్టాలి. కొడుకు పోయిన దుఃఖంలో ఆ కాగితం బీరువాలో పడి ఉంటే, అయిదో ఏట దాని విలువ చాలావరకు పోతుంది. రెండోది, అక్కడా ఇక్కడా వేరు వేరు వీలునామాలు రాసుకునేవారికి చెప్పాల్సిన మాట. ప్రతి వీలునామా మొదట్లో ‘ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ రద్దు’ అన్న వాక్యం అచ్చు వేసినట్టు ఉంటుంది. డల్లాస్ లాయరు తయారుచేసిన కాగితం మీద సంతకం పెట్టిన రోజున గుంటూరులో రాసిన వీలునామా ఆ ఒక్క వాక్యంతో పోతుంది. ‘భారతదేశంలోని ఆస్తులకు సంబంధించిన నా వీలునామా మినహా’ అని ఒక్క మాట చేర్పిస్తే చాలు.

ఇక నామినీ. మన బ్యాంకుల్లో, డీమాట్ ఖాతాల్లో నామినీ అంటే సొమ్ము అందుకుని వారసులకు అప్పగించే మనిషి. షేర్ల విషయంలో ఈ మాటను సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో మళ్లీ ఖాయం చేసింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లకే దక్కుతుంది. అమెరికాలో రిటైర్మెంటు ఖాతా మీదా, బీమా మీదా రాసిన లబ్ధిదారుడే యజమాని. వీలునామా ఏం చెప్పినా సరే, ఆ ఫారం మీద ఎవరి పేరుంటే వాళ్లదే. ఉద్యోగంలో చేరిన రోజున తమ్ముడి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చని కుర్రవాళ్లు ఎందరో ఉన్నారు. పెళ్లయినవారి 401కె రిటైర్మెంటు ఖాతాకు అక్కడి ఫెడరల్ చట్టం భార్యనే లబ్ధిదారుగా చూస్తుంది. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వేరొకరికి వెళ్లదు. ఈ రక్షణ బీమా పాలసీకి లేదు.

ఇప్పుడు పన్ను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన క్లయింట్లు ఎక్కువగా భయపడేదీ, ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే.

మన దేశంలో వారసత్వం మీద పన్ను లేదు. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీని 1985 మార్చి 16 నుంచి ఎత్తేశారు. వారసత్వంగా వచ్చింది ఆదాయం కిందికి రాదు. అమ్మినప్పుడే క్యాపిటల్ గెయిన్స్ పుడుతుంది. లెక్కకు తండ్రి కొన్న ధరనే తీసుకోవాలి. ఆయన 2001కి ముందు కొనివుంటే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. ఆ విలువ ఆనాటి సబ్ రిజిస్ట్రారు విలువను మించకూడదు. 2024 జులై 23 తర్వాత అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేదు. ఆ తేదీకి ముందు సంపాదించిన భూమికి పాత పద్ధతిలో 20 శాతం, సర్దుబాటుతో, ఎంచుకునే వెసులుబాటు ఇక్కడ నివసించే వ్యక్తులకూ ఉమ్మడి కుటుంబాలకూ ఇచ్చారు. ఎన్‌ఆర్‌ఐలకు ఇవ్వలేదు. ఒకే తండ్రి, ఒకే పొలం, ఇక్కడ ఉన్న అన్నకొక లెక్క, అక్కడ ఉన్న తమ్ముడికొక లెక్క.

అమెరికా ఇదే పొలాన్ని వేరుగా చూస్తుంది. తండ్రి ఎంతకు కొన్నాడన్నది వాళ్లకు పట్టదు. ఆయన చనిపోయిన రోజున మార్కెట్లో దాని విలువే వారసుడి కొనుగోలు ధర. తండ్రి జీవితమంతా ఇక్కడే గడిపినా, ఒక్కరోజు కూడా అమెరికా వెళ్లకపోయినా సరే, అమెరికాలో పన్ను కట్టే కొడుక్కి ఈ నియమం వర్తిస్తుంది.

అంకెలు వేసుకుందాం. 2001 నాటి విలువ 5 లక్షలు. తండ్రి 2022లో పోయిన రోజున 2 కోట్లు. 2025లో అమ్మింది 2 కోట్ల 20 లక్షలకు. మన లెక్కలో లాభం 2 కోట్ల 15 లక్షలు. పన్ను సుమారు 27 లక్షలు, పైన సర్‌ఛార్జీ, సెస్సు. అమెరికా లెక్కలో లాభం 20 లక్షలే. దాని మీద వాళ్ల పన్నుకు ఇక్కడ కట్టిన పన్ను జమ అవుతుంది. మిగిలిన జమను ఒక ఏడాది వెనక్కి, పదేళ్లు ముందుకు వాడుకోవచ్చు. ఇంత మేలు దక్కాలంటే తండ్రి పోయిన నాటి విలువకు కాగితం ఉండాలి. మూడేళ్ల తర్వాత ఆ విలువ ఎవరు చెబుతారు? ప్రభుత్వ మార్కెట్ విలువ చాలాచోట్ల అసలు ధర కంటే తక్కువ కాబట్టి, రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో ఆ తేదీకి నివేదిక రాయించి పెట్టుకోవాలి. పెద్దకర్మ అయిన వారంలో ఈ పని చేయించమని చెప్పడం కఠినంగా అనిపిస్తుందని నాకు తెలుసు. అయినా చెప్పాలి.

పల్లెలో సాగుభూమి సంగతి ఇంకా వేరు. పురపాలక సంఘం హద్దు నుంచి, దాని జనాభాను బట్టి 2, 6 లేదా 8 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి మన చట్టంలో క్యాపిటల్ ఆస్తే కాదు. దాని అమ్మకం మీద ఇక్కడ పన్ను లేదు. అలాగని అమెరికా వదిలిపెట్టదు. తండ్రి పోయాక పెరిగిన విలువ మీద అక్కడ పన్ను వేస్తుంది. ఇక్కడ కట్టింది ఏమీ లేదు కాబట్టి జమ చూపడానికీ ఏమీ ఉండదు. ‘పొలానికి టాక్స్ లేదు’ అని ఊళ్లో చెప్పిన మాట నమ్మి, అక్కడి రిటర్నులో అమ్మకం చూపని వాళ్లుంటారు. అది పెద్ద ప్రమాదం.

సాగుభూమి గురించే మరో మాట. ఎన్‌ఆర్‌ఐ దాన్ని కొనకూడదు. ఇక్కడి వాసి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) ఆ హక్కు ఇచ్చింది. అమ్మితే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. డల్లాస్‌లో ఉన్న అన్న వాటాను డల్లాస్‌లోనే ఉన్న తమ్ముడు కొనుక్కుంటానంటే కుదరదు. అమ్మిన డబ్బును ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్ల వరకు బయటికి తీసుకుపోవచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద దానికి 15సీఏ, 15సీబీ ఫారాలు, రెండోదానికి ఆడిటరు గారి సంతకం కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2025 చట్టం కాబట్టి ఫారాల సంఖ్యలు, సెక్షన్లు వేరు. పాత అంకెలతో కాగితాలు తయారుచేయకుండా చూసుకోండి.

అమ్మేవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే టీడీఎస్ కొనేవాడి బాధ్యత. ఇక్కడివాళ్లు అమ్మితే 50 లక్షలు, అంతకు మించిన ఆస్తికి ఒక శాతం పట్టుకుంటారు. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే 12.5 శాతానికి సర్‌ఛార్జీ, సెస్సు కలిపి పట్టుకోవాలి. తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆచరణలో మొత్తం ధర మీదే కోత పడుతుంది. బ్రోకరు ‘ఒక్క శాతం చాలండీ’ అంటాడు. ఆ మాట విన్నవాడికి తర్వాత నోటీసు వస్తుంది. నోటీసు వచ్చేది కొన్నవాడికే. కాబట్టి మనం కొనేవాడి తరఫున ఉన్నా ఇది చూడాల్సిందే.

అక్కడి సమాచార ఫారాలు మరో పెద్ద గుంట. పన్ను లేకపోయినా చెప్పకపోవడమే నేరమయ్యే చోటు అది. అమెరికా పన్ను పరిధిలో ఉన్నవారికి ఇక్కడి మనిషి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వారసత్వం వస్తే ఫారం 3520 దాఖలు చేయాలి. దాఖలు చేయకపోతే జరిమానా నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా పోవచ్చు. ఇక్కడి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల నివేదిక వేయాలి, అదే ఎఫ్‌బార్. నాన్న ఖాతాలో సౌకర్యం కోసం రాయించిన రెండో పేరు కూడా ఇందులోకి వస్తుంది. ఈ ఒక్క విషయం మన ఇళ్లలో ఎంతమందికి తెలుసో ఆలోచించండి. సొంత పేరున నేరుగా ఉన్న ఇల్లు, పొలం ఎఫ్‌బార్‌లో చూపనక్కర్లేదు. నాన్న కొన్న మ్యూచువల్ ఫండ్లు వారసత్వంగా వస్తే మాత్రం వాటికి అక్కడ చాలా కఠినమైన ప్రత్యేక పద్ధతి ఉంది. అమెరికా ఆడిటరును అడగకుండా వాటిని ఉంచుకోకూడదు, అమ్మకూడదు.

ఇక మనందరం చేసే పని, హక్కు విడుదల దస్తావేజు. అమెరికా నుంచి అక్క పండక్కి వస్తుంది. తన పెళ్లప్పుడు ఇచ్చింది చాలని, తమ్ముడి మీద ప్రేమతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వెళ్లిపోతుంది. మన ఊళ్లో అది సంతోషమైన రోజు. అమెరికా దృష్టిలో ఆమె తన వాటాను తమ్ముడికి బహుమతి ఇచ్చింది. 2025లో ఒక మనిషికి 19,000 డాలర్లు దాటిన బహుమతికి ఫారం 709 దాఖలు చేయాలి. చాలామందికి దీని మీద పన్ను పడదు. జీవితకాల మినహాయింపు పెద్దది. అయినా ఫారం తప్పదు. నాన్న పోయిన తొమ్మిది నెలల్లోపు, ఆ ఆస్తి నుంచి ఏ లాభమూ తీసుకోకముందే, ఫలానావాళ్లకు ఇవ్వండి అని చెప్పకుండా రాతపూర్వకంగా తిరస్కరిస్తే అది బహుమతి కిందికి రాకుండా ఉండే దారి ఒకటుంది. తొమ్మిది నెలలు దాటాక ఆ దారి మూసుకుపోతుంది. సంక్రాంతి సెలవుల కోసం ఆగిన సంతకం ఎన్నో కుటుంబాల్లో ఆ గడువు దాటిపోతుంది.

ఇప్పటివరకు ఇక్కడి ఆస్తి అక్కడికి పోయే సంగతి చెప్పాను. అక్కడి ఆస్తి ఇక్కడికి వచ్చే సంగతి మన బార్‌లో ఇంకా తక్కువమందికి తెలుసు. దాని దెబ్బ ఎక్కువ.

అమెరికా పౌరుడు గానీ, అక్కడే స్థిరపడ్డవాడు గానీ చనిపోతే 2025లో 1 కోటి 39 లక్షల 90 వేల డాలర్ల వరకు, 2026లో కోటిన్నర డాలర్ల వరకు ఎస్టేట్ టాక్స్ లేదు. స్థిరపడని పరాయి దేశస్థుడికి ఆ మినహాయింపు 60,000 డాలర్లే. ఆపైన పన్ను 40 శాతం దాకా పోతుంది. అమెరికా కంపెనీల షేర్లు ఏ దేశంలో కూర్చుని కొన్నా అమెరికా ఆస్తే. ఇది డల్లాస్ వాళ్ల సమస్యే అనుకోకండి. గచ్చిబౌలిలో అమెరికా కంపెనీలో పనిచేస్తూ జీతంతోపాటు కంపెనీ షేర్లు తీసుకునే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ పిల్లవాడి ఖాతాలో 2,00,000 డాలర్ల షేర్లుండగా చనిపోయాడనుకోండి. ఖర్చుల మినహాయింపులు పక్కన పెడితే పన్ను 41,800 డాలర్లు. అయిదోవంతు కంటే కొంచెం ఎక్కువ. ఎస్టేట్ పన్ను విషయంలో మన రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. 1989 నాటి ఒప్పందం ఆదాయపు పన్నుకు సంబంధించింది. తొమ్మిది నెలల్లోపు ఫారం 706-ఎన్‌ఏ వేయాలి. పన్నుశాఖ నుంచి బదిలీ ధ్రువపత్రం వచ్చేదాకా బ్రోకరేజీ సంస్థ మామూలుగా షేర్లు వదలదు. బ్యాంకులో ఉన్న మామూలు డిపాజిట్లు, ఆ అబ్బాయి జీవిత బీమా సొమ్ము మాత్రం ఈ పన్నులోకి రావు. ఈ తేడా తెలిసి ఉంటే బతికుండగానే సర్దుకోవచ్చు.

ఫ్రిస్కో ఇల్లు అమ్మాలంటే, అమ్మేవాళ్లు పరాయి దేశస్థులు కాబట్టి కొనేవాడు ధరలో 15 శాతం పట్టుకుని అక్కడి పన్నుశాఖకు కడతాడు. రిటర్ను వేసి, అసలు పన్ను పోగా మిగిలింది వెనక్కి తెచ్చుకోవాలి. దానికి ముందు తల్లికీ తండ్రికీ అక్కడి పన్ను సంఖ్య తీసుకోవాలి. డబ్బు ఇక్కడికి వచ్చినప్పుడు, వారసత్వంగా వచ్చిన మేరకు, ఇక్కడ పన్ను లేదు. అక్కడే ఉంచుకోవాలన్నా ఫెమా ఒప్పుకుంటుంది. ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపడం మాత్రం తప్పదు. 2015 నాటి నల్లధన చట్టం కింద, చూపని విదేశీ ఆస్తికి ఏడాదికి 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాని ఆస్తులు 20 లక్షల లోపైతే 2024 అక్టోబరు 1 నుంచి కొంత ఊరట ఇచ్చారు. ఇల్లు ఆ ఊరటలోకి రాదు. కొడుకును పోగొట్టుకున్న రిటైర్డ్ టీచరు గారికి, ఎప్పుడూ పన్ను ఎగ్గొట్టని మనిషికి, నల్లధన చట్టం పేరుతో కాగితం వచ్చే పరిస్థితి మనం రానివ్వకూడదు.

గల్ఫ్ సంగతి వదిలేస్తే ఈ ప్రసంగం అసంపూర్తి అవుతుంది. జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ ఇళ్లుండవు. ఉండేది కొద్దిపాటి బ్యాంకు నిల్వ, బాకీ జీతం, ఉద్యోగ విరమణ సొమ్ము. యూఏఈలో ఆ సొమ్ము మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, తర్వాత ఏడాదికి 30 రోజులు. మనిషి పోతే ఖాతా నిలిచిపోతుంది. ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉన్న అక్కడి చట్టం, వీలునామా లేకపోతే సగం భార్యకు, సగం పిల్లలకు ఇస్తుంది. మన చట్టంలో భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఉన్న తల్లి ఆ లెక్కలో లేదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లిన కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు ఉంటాయి. పాలసీ కాగితం ఇంట్లో ఎవరి దగ్గరుందో తెలియక అడగనివాళ్లు ఉంటారు. ఫీజు ఇచ్చుకోలేని ఈ కుటుంబాలకే మన అవసరం అందరికంటే ఎక్కువ.

చివరగా ఈ బార్ చేయగల పనులు కొన్ని చెప్పి ముగిస్తాను. విదేశాల్లో రాసిన పవరాఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అపొస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశం నుంచైతే అపొస్టిల్, లేకపోతే మన ఎంబసీ ధ్రువీకరణ. భారతదేశం ఆ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. ఇచ్చిన మనిషి చనిపోయిన క్షణంలో మామూలు పవరు కూడా పోతుంది. నాన్న పోయాక నాన్న ఇచ్చిన జీపీఏతో అమ్మకం రాయించే పని మన లేఖరులు ఎవరూ చేయకూడదు. పాసుపుస్తకంలో ఫౌతి మార్పు, తెలంగాణలో విరాసత్ అనేది, ఆలస్యం చేయకుండా పెట్టించాలి. వాటాదార్లందరి పేర్లూ, విదేశాల్లో ఉన్నవాళ్ల చిరునామాలతో సహా, అర్జీలో ఉండాలి.

రెండు నెలలకోసారి ఈ హాల్లోనే ఒక శనివారం సాయంత్రం, ఇద్దరు న్యాయవాదులు, ఒక ఆడిటరు గారు, ఒక దస్తావేజు లేఖరి కూర్చుని, పిల్లలు బయట ఉన్న తల్లిదండ్రుల సమస్యలు ఉచితంగా వినే ఏర్పాటు చేద్దామని సీనియర్ గారి కుటుంబం ముందుకొచ్చింది. మొదటి సంవత్సరం ఖర్చు వాళ్లు భరిస్తామన్నారు. ఒక పేజీ తెలుగు కాగితం తయారుచేస్తాను. అందులో పిల్లవాడి అక్కడి ఖాతాలు ఏ సంస్థల్లో ఉన్నాయి, లబ్ధిదారుగా ఎవరి పేరుంది, వీలునామా ఎక్కడుంది, అక్కడ సాయపడే స్నేహితుడి ఫోను నంబరు ఏమిటి అన్నవి ఉంటాయి. తల్లిదండ్రులు పూర్తిచేసి బీరువాలో పెట్టుకోవడానికి. అమెరికా చట్టం మీద మనం సలహా ఇవ్వకూడదు, ఇవ్వలేం. అక్కడి లాయరును ఏం అడగాలో మాత్రం చెప్పగలం. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయ్యాక మన లైబ్రేరియన్ దగ్గరున్న రిజిస్టరులో రాయండి.